నడినెత్తిన సూర్యుడు, నెత్తి మీద స్లాబు

మెదక్ పట్టణంలో ఏటా రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. ఒకటి మే 12 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 1కి అటూఇటుగా వస్తాయి. ఆగస్టు నాటికి మబ్బులు కమ్ముకుంటాయి కాబట్టి రెండో రోజును ఎవరూ పట్టించుకోరు. మే నెల సంగతి వేరు. ఆకాశంలో మబ్బుతునక ఉండదు. గడియారం 12 గంటల 13 నిమిషాలు చూపే వేళకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పట్టణం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటమే ఇందుకు కారణం.

ఈ భూగోళ పాఠానికీ నెలనెలా వచ్చే కరెంటు బిల్లుకూ దగ్గరి చుట్టరికం ఉంది. నీడ కర్ర కిందే మాయమైందంటే ఎండ అంతా పైకప్పు మీదే పడుతోందని అర్థం. ఏప్రిల్, మే నెలల్లో మెదక్‌లో ఒక చదరపు మీటరు డాబా మీద రోజుకు ఇంచుమించు 6.5 యూనిట్ల శక్తి ఎండ రూపంలో పడుతుంది. తూర్పు గోడకూ పడమటి గోడకూ అందులో దాదాపు సగం చొప్పున అందుతుంది. దక్షిణపు గోడను వేసవి ఎండ పక్కనుంచి రాసుకుంటూ పోతుంది, అంతే. జూన్ 21న సూర్యుడు నడినెత్తిని దాటి 5 డిగ్రీలు ఉత్తరానికి కూడా జరుగుతాడు. కాబట్టి మన ప్రాంతంలో ఇంట్లో కరెంటు ఆదా చేయడం అన్న ప్రశ్నను బల్బుతోనో, ఏసీతోనో మొదలుపెట్టకూడదు. కప్పుతో మొదలుపెట్టాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచినది ఇదొక్కటే. మిగతా పరికరాలన్నీ దాని వెనక వరసలో నిలబడతాయి.

స్లాబు లెక్క

వంద గజాల ఇంటిని తీసుకుందాం. మెదక్‌లో, ఆ మాటకొస్తే తెలంగాణలోని ఏ చిన్న పట్టణంలోనైనా, ఇది మామూలు కొలతే. వంద గజాలంటే దాదాపు 84 చదరపు మీటర్లు. లెక్క తేలికగా ఉండటం కోసం స్థలమంతా స్లాబు వేశారనుకుందాం. మే నెల మధ్యాహ్నం చదరపు మీటరుకు 900 వాట్ల చొప్పున వేసుకుంటే కప్పు మీద పడే ఎండ 75 కిలోవాట్లు. పాతబడి నల్లబారిన సిమెంటు ఉపరితలం అందులో సుమారు 65 శాతం పీల్చుకుంటుంది. అంటే 49 కిలోవాట్లు. ఇదంతా ఇంట్లోకి దిగదు. చాలా భాగాన్ని గాలి మోసుకుపోతుంది, కొంత ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. ఏ పొరలూ లేని బోడి స్లాబు అయితే పీల్చుకున్నదాంట్లో ఆరో వంతు దాకా లోపలికి దిగుతుంది. అది దాదాపు 8 కిలోవాట్లు.

దీన్ని ఏసీ భాషలోకి మార్చి చూద్దాం. ఏసీ మీద రాసే ‘టన్ను’ పెట్టె బరువు కాదు. సుమారు 900 కిలోల మంచుగడ్డ ఒక రోజులో కరిగేందుకు ఎంత వేడి తీసుకుంటుందో, ఆ వేగంతో గదిలోంచి వేడిని బయటికి తోడగల సామర్థ్యం అది. కిలోవాట్లలో మూడున్నర. అంటే మన వంద గజాల ఇంట్లో రెండు టన్నులకు పైగా శీతలశక్తి, ఎండ కప్పులోంచి దింపిన వేడిని ఎత్తిపోయడానికే సరిపోతుంది. మనుషులు, పొయ్యి, ఫ్రిజ్, గోడలు, బయటి వడగాలి, వీటి లెక్క ఇంకా మొదలే కాలేదు.

అదే కప్పుకు తెల్ల పూత వేసి, అది 25 శాతమే పీల్చుకునేలా చేశామనుకోండి. పీల్చుకునేది 19 కిలోవాట్లకు, లోపలికి దిగేది 3 కిలోవాట్లకు తగ్గుతుంది. ఒక డబ్బా పూతతో ఒక టన్నున్నర ఏసీ పని తప్పింది. ఇది మధ్యాహ్నపు గరిష్ఠానికి వేసిన మోటు లెక్కే. స్లాబు మందాన్ని బట్టి, గాలిని బట్టి అంకెలు మారతాయి. రెండు కప్పుల మధ్య నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

ఇక్కడ కాలం కూడా ఒక పాత్ర పోషిస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు కప్పు పైభాగం కాలిపోతుంటే కింద గదిలో అంత తెలియదు. పన్నెండు సెంటీమీటర్ల కాంక్రీటును దాటి రావడానికి ఆ వేడికి మూడు నాలుగు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి ఎండ తగ్గిందనుకుని మనం ఊపిరి పీల్చుకునే సమయానికి పైకప్పు అడుగుభాగం పూర్తిగా వేడెక్కి ఉంటుంది. రాత్రి భోజనాల వేళకు ఫ్యాను వేస్తే వేడిగాలి దిగడం అందుకే. అప్పటికి బయట వాకిట్లో చల్లబడే ఉంటుంది. డాబాల మీద పక్కలు వేసుకునే అలవాటు మనకు ఊరికే రాలేదు.

మరో సంగతి కూడా ఉంది. గదిలో గాలి ఉష్ణోగ్రత 34 డిగ్రీలే ఉండవచ్చు. కానీ 42 డిగ్రీల పైకప్పు మీ ఒంటి మీదికి నేరుగా వేడి కిరణాలు పంపుతూనే ఉంటుంది. థర్మామీటరు చూసి ‘అంత వేడేం లేదే’ అనుకుంటాం, ఒళ్ళు మాత్రం ఒప్పుకోదు. ఒంటిదే సరైన సాక్ష్యం.

రాతి గోడల గుడి, మట్టి మిద్దె

మెదక్ పేరు చెబితే గుర్తొచ్చే కట్టడం చర్చి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించారు. కరువు రోజుల్లో వేలమందికి ఆ పనే కూడు పెట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీల గురించి, ఇటలీ పనివాళ్ళు పరిచిన నేల గురించి గైడ్లు చాలా చెబుతారు. ఎండాకాలం మధ్యాహ్నం లోపలికి అడుగుపెట్టగానే తగిలే చల్లదనం గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. భౌతికశాస్త్రం దృష్టిలో ఆ కట్టడంలో అందమైన విషయం అదే.

‘రాయి చల్లగా ఉంటుంది’ అంటారు. రాయి వేడిని అడ్డుకోదు. నిజానికి ఇటుక కంటే రాయి లోంచే వేడి వేగంగా ప్రయాణిస్తుంది. రాయి చేసేది దాచుకోవడం. ఒక ఘనపు మీటరు గ్రానైటును ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే అర యూనిట్ కంటే ఎక్కువ శక్తి కావాలి. పగటి వేడి గోడలోకి అలలా దిగుతుంది. రాతిలో ప్రతి 18 సెంటీమీటర్లకూ ఆ అల ఎత్తు మూడో వంతుకు కాస్త పైచిలుకుగా తగ్గిపోతుంది. రెండడుగుల మందం దాటేసరికి నూటికి మూడు నాలుగు పాళ్ళు మిగులుతుంది. అది కూడా పన్నెండు గంటలు ఆలస్యంగా వస్తుంది. అంటే పగటి వేడి అర్ధరాత్రికి, రాత్రి చలువ మిట్టమధ్యాహ్నానికి లోపలికి చేరుతాయి. దీనికి ఎత్తైన కప్పు తోడవుతుంది. వేడెక్కిన గాలి పైకి పోతుంది, మనుషులు కింద కూర్చుంటారు.

మెదక్ చుట్టుపక్కల ఊళ్ళలో పాత మట్టి మిద్దెలు ఇదే సూత్రంతో నడిచాయి. దూలాలు, వాసాలు, వాటి మీద కర్రలు, ఆకులు, ఆపైన జానెడు మందాన మట్టి. మూరెడు మందం మట్టి గోడలో అల రెండు శాతానికి పడిపోతుంది. గూన ఇళ్ళది వేరే పద్ధతి. రెండు వరసల గూనల మధ్య చిక్కుకున్న గాలి వేడిని కొంత ఆపుతుంది, సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది. భవంతి ఇంటి నడుమ వాకిలి రాత్రిపూట చల్లగాలిని పట్టి ఉంచుతుంది.

‘పాత ఇళ్ళే మేలు’ అని నిట్టూర్చే వ్యాసాలంటే నాకు పడదు. మిద్దె కురిసేది. ఏటా వానకు ముందు మట్టి ఎత్తిపోయాలి, చెదలు పట్టిన వాసం మార్చాలి. ఆ చాకిరీలో పెద్ద వాటా ఆడవాళ్ళదే. స్లాబు వచ్చినప్పుడు జనం ఎగబడి వేసుకున్నారంటే వాళ్ళకు తెలివి లేక కాదు. స్లాబు కురవదు, కూలదు, మీద ఇంకో అంతస్తు లేపుకోవచ్చు. చిక్కల్లా ఒకటే. వానను ఆపే కప్పు దొరికింది గానీ ఎండను ఆపే పని మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు. జానెడు మట్టి చేసిన ఆ ఉద్యోగం స్లాబు మీద ఖాళీగానే ఉంది.

దాన్ని మందంతోనే భర్తీ చేయనక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల గట్టి ఫోమ్ పలకలు స్లాబు మీద పరిచి, పైన సన్నని సిమెంటు పొర వేసి, టైల్స్ అతికిస్తే చాలు. కేంద్రం 2018లో ఇళ్ళ కోసం తెచ్చిన ‘ఈకో నివాస్ సంహిత’ కప్పు గురించి ఒక హద్దు పెట్టింది. లోపలికీ బయటికీ డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పులోంచి 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదు. బోడి స్లాబులోంచి అంతకు మూడింతలు దాటుతుంది. రెండు సెంటీమీటర్ల ఫోమ్‌తో ఆ హద్దు లోపలికి రావచ్చు. పాతకాలంలో మేస్త్రీలు మట్టి కుండలు బోర్లించి పైన డంగు సున్నం పోసేవారు. సూత్రం అదే. కదలని గాలిని మించిన చవక అడ్డుగోడ లేదు.

తెలుపు ఒక్కటే చాలదు

ఇప్పుడు పూత సంగతి. కప్పు చల్లగా ఉండాలంటే దానికి రెండు గుణాలు కావాలి. పడిన ఎండను తిప్పికొట్టాలి. పీల్చుకున్న కొద్ది వేడినీ కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేయాలి. మొదటి గుణం అందరికీ తెలుసు. రెండోది తెలియకే చాలామంది మోసపోతారు.

కొత్త జింకు రేకు తళతళ మెరుస్తుంది, సగానికి పైగా ఎండను తిప్పికొడుతుంది కూడా. అయినా మే నెలలో దాని మీద చెయ్యి పెట్టలేం. మెరిసే లోహానికి వేడిని వదిలే గుణం బహు తక్కువ. పిసినారి చేతిలో పడిన రూపాయిలా, దానిలోకి పోయిన వేడి బయటికి రాదు. అదే రేకుకు తెల్ల రంగు పూస్తే తిప్పికొట్టడమూ పెరుగుతుంది, వదిలేయడమూ పెరుగుతుంది. సిమెంటు రేకుల బాధ ఇంకోటి. వేడిని బాగానే వదులుతాయి గానీ రెండు వానాకాలాలకు నాచు పట్టి నల్లబడి ఎండనంతా తాగేస్తాయి. పైగా మందం లేదు. స్లాబు మూడు గంటలు తీసుకునే పనిని రేకు నిమిషాల్లో ముగిస్తుంది. రేకుల ఇంట్లో మధ్యాహ్నం పూట పసిపిల్లల్ని, ముసలివాళ్ళను ఉంచడం ప్రమాదమని ఏటా వడదెబ్బ వార్తలు గుర్తుచేస్తూనే ఉన్నాయి.

వేడిని ఆకాశానికి అప్పగించడమన్నది కవిత్వం కాదు. పరారుణ కిరణాల్లో 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య ఒక పట్టీని గాలి పెద్దగా అడ్డుకోదు. ఆ కిటికీ లోంచి భూమి మీది వస్తువులు నేరుగా అంతరిక్షపు చలితో బేరం పెట్టుకుంటాయి. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక వింత రాశాడు. అలహాబాదు ప్రాంతంలో చలికాలం రాత్రులు లోతులేని గుంటల్లో ఎండు చొప్ప పరిచి, దానిమీద మట్టి పళ్ళేల్లో నీళ్ళు పోసి ఉంచితే, తెల్లవారేసరికి మంచు పేరుకునేదట. నీటి ఆవిరితో పాటు ఆ ఆకాశపు కిటికీ చేసిన పనే అది. రాత్రి జరిగేది పగలు ఎందుకు జరగకూడదని 2014లో స్టాన్‌ఫర్డ్‌లో ఆస్వత్ రామన్, షాన్‌హుయ్ ఫాన్ బృందం ప్రశ్నించుకుంది. 97 శాతం ఎండను తిప్పికొట్టే సన్నని పొర ఒకటి తయారుచేసి, నిండు ఎండలో దాన్ని చుట్టూ ఉన్న గాలి కంటే 4.9 డిగ్రీలు చల్లగా నిలబెట్టింది. 2021లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం బేరియం సల్ఫేటుతో 98.1 శాతం తిప్పికొట్టే రంగు చేసింది. మెదక్ దుకాణానికి అవి వచ్చేవరకు మనం ఆగనక్కర్లేదు. మామూలు తెల్ల పూత కొత్తలో 75, 80 శాతం తిప్పికొడుతుంది. మంచి సున్నమైనా చాలావరకు ఆ పని చేస్తుంది.

ఇవన్నీ పరాయి దేశాల కబుర్లే కావు. హైదరాబాద్ శివార్లలో సత్యం కంప్యూటర్స్ శిక్షణ కేంద్రంలో ఇంచుమించు ఒకేలా ఉన్న రెండు భవనాల మీద హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికా లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల కలిసి కొలతలు తీశాయి. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. రచయితల్లో విశాల్ గార్గ్, సురేఖ టేతలి ఉన్నారు. నల్ల కప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు, మామూలు కాంక్రీటును తెల్లగా మారిస్తే 13 నుంచి 14 యూనిట్లు మిగిలాయి. ఏసీ ఖర్చులో చూస్తే కాంక్రీటు కప్పుకు 10 నుంచి 19 శాతం. ఇది పగలంతా ఏసీ నడిచే కార్యాలయం లెక్క అని గుర్తుంచుకోవాలి. ఏసీ లేని ఇంట్లో యూనిట్లు మిగలవు, మనుషులకు కాస్త హాయి మిగులుతుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ కప్పుల మీద తెల్లని పొర పరిచి చూశారు. ఇంటి లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపిస్తుంది. 40 దాటిన రోజున, రేకుల కింద, రెండు డిగ్రీలు తక్కువేమీ కాదు.

2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన తొలి రాష్ట్రం మనదే. ఐదేళ్ళలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌కు, 100 మెదక్‌తో సహా మిగిలిన రాష్ట్రమంతటికీ. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. ఇళ్ళయితే 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టేవాటికే తప్పనిసరి. తక్కినవాళ్ళకు ఐచ్ఛికం.

నా అభ్యంతరం ఇక్కడే. 600 గజాలంటే 502 చదరపు మీటర్లు. 2018 నాటి ఈకో నివాస్ సంహిత వర్తించే స్థలం హద్దు కూడా 500 చదరపు మీటర్లే. రెండు నియమాలూ ఇంచుమించు ఒకే గీత గీశాయి. మెదక్‌లో 600 గజాల్లో ఇల్లు కట్టుకునేవాళ్ళు ఎందరుంటారు? వాళ్ళకు ఏసీ ఎలాగూ ఉంటుంది. ఎండకు నిజంగా ఉడికేది 60 గజాలు, 120 గజాల ఇళ్ళల్లో. చట్టం చేయి అక్కడిదాకా చాచలేదు. చిన్న ఇంటివాళ్ళను నిర్బంధించమని నేననను. కానీ ఇంటి అనుమతి ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ ఒక తెల్ల డబ్బాకు రాయితీ ఇస్తే అది ఏ ఏసీ మీద ఇచ్చే రాయితీ కంటే ఎక్కువ కరెంటు మిగిలిస్తుంది.

తెల్ల కప్పు గుణాలు చెప్పి దోషాలు దాచకూడదు. దుమ్ము, నాచు పట్టి ఏడాది రెండేళ్ళలో తిప్పికొట్టే గుణం 80 నుంచి 60కి జారుతుంది. మార్చిలో ఒకసారి చీపురు పెట్టి కడగాలి, రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ పూయాలి. పక్కింటి మేడ ఎత్తుగా ఉంటే వాళ్ళ కళ్ళకు మెరుపు కొడుతుంది. చలికాలంలో ఇల్లు కొంచెం ఎక్కువ చల్లబడుతుంది. తెలంగాణలో చలి బాగా పడే చోట్లలో మెదక్ ఒకటి, అయినా ఇక్కడ ఎవరూ హీటర్లు పెట్టుకోరు. రెండు దుప్పట్లతో పోయే చలి అది.

గోడ, కిటికీ, సజ్జ

వీటి గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. దక్షిణపు కిటికీకి అడుగున్నర సజ్జ చాలు, వేసవి ఎండ లోపలికి రాదు. డిసెంబరులో సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కాబట్టి అవసరమైన ఎండ మాత్రం వస్తుంది. పడమటి వైపు ఏ సజ్జా పనిచేయదు. సాయంత్రపు ఎండ అడ్డంగా కొడుతుంది. అక్కడ వెదురు తడకో, గ్రీన్ నెట్టో, వేపచెట్టో కిటికీకి బయట ఉండాలి. కర్టెన్ లోపల వేస్తే వేడి గదిలోకి వచ్చాక తలుపు మూసినట్టే. వీలుంటే పడమటి వైపు వంటిల్లు, మెట్లు, స్నానాలగది పెట్టి పడకగదిని తప్పించాలి. గోడకు తేలికపాటి ఏఏసీ కాంక్రీటు బ్లాకులు వాడితే మామూలు ఇటుక కంటే చాలా తక్కువ వేడి దాటుతుంది. ఈ మధ్య హైదరాబాద్‌లో కనిపించే నిలువెత్తు అద్దాల గోడలను మెదక్ మెయిన్ రోడ్డు మీద చూస్తే మాత్రం నాకు జాలి వేస్తుంది. అద్దం చల్లని దేశాల సరుకు.

నీటితో చేసే పని

ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడిని వెంట తీసుకుపోతుంది. గంటకు ఐదు లీటర్లు తాగే కూలర్, కాగితం మీద ఒక టన్ను ఏసీ అంత చలువ ఇస్తుంది. ఫ్యాను, మోటారు కలిపి అది ఖర్చు చేసే కరెంటు 150, 200 వాట్లు. ఏసీ అయితే వెయ్యి వాట్ల దాకా. ఏప్రిల్, మే నెలల్లో మెదక్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్‌ను మించిన పొదుపు యంత్రం లేదు. ఒక షరతు ఉంది. ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి. తలుపులన్నీ బిగించి కూలర్ వేసేవాళ్ళు గదిని ఆవిరిపొయ్యి చేసుకుంటున్నారు. జులై వచ్చి గాలిలో తేమ నిండాక నీరు ఆవిరి కాదు, కూలర్ చేతులెత్తేస్తుంది. అప్పుడు నీళ్ళ పంపు ఆపేసి ఫ్యానులా వాడుకోవడమే.

ఈ ఆవిరి సూత్రం మీదే హైదరాబాద్ కొండాపూర్‌లో ఒక పేరున్న భవనం ఉంది. సీఐఐ–సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అంతకుముందే, 2003లో, అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం అనే హరిత భవన గుర్తింపు పొందిన తొలి భవనంగా నిలిచింది. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. దానికి రెండు గాలి గోపురాలు ఉన్నాయి. బయటి గాలి వాటిలోకి దిగి, నీటి తడికి చల్లబడి, ఆపైనే ఏసీ యంత్రానికి చేరుతుంది. యంత్రం పని కొంత గోపురమే చేసిపెడుతుంది. నడుమ వాకిలి, కప్పు మీద పచ్చిక. చూడవచ్చిన విదేశీయులకు అది కొత్త. మన పాత భవంతి ఇళ్ళు తెలిసినవాళ్ళకు అందులో సగం పరిచితమే.

ఎంత చల్లదనం కావాలి?

ఇంజనీర్లు చాలాకాలం ఈ ప్రశ్నకు జవాబు విదేశీ పుస్తకాల్లో వెతికారు. 23 నుంచి 26 డిగ్రీలు అని రాసుకున్నారు. 2008 వేసవిలో మాధవి ఇంద్రగంటి హైదరాబాద్‌లోని 45 ఫ్లాట్లకు వెళ్ళి అక్కడ ఉండేవాళ్ళనే అడిగి, కొలిచి చూశారు. వందకు పైగా మనుషులు, 3,962 నమోదులు. మనవాళ్ళు ఫ్యాను కింద, నూలు బట్టల్లో, కిటికీ తీసుకుని 26 నుంచి 32.45 డిగ్రీల దాకా హాయిగానే ఉన్నామని చెప్పారు. ఏ చలీ వేడీ అనిపించని మధ్యస్థ స్థాయి 29.23 డిగ్రీలు. ఈ అంకె విలువ ఎంతో చెప్పలేను. ఇంటిని 24కి కాక 29కి దించితే చాలనుకుంటే కావలసిన యంత్రాలే మారిపోతాయి.

ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమటను ఆరబెట్టి మనిషిని చల్లబరుస్తుంది. కాబట్టి మనిషి లేని గదిలో ఫ్యాను తిరగడం శుద్ధ దండగ. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే ఒక్కో ఫ్యాను మీద 200 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరి 1 నుంచి ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది, కొనేటప్పుడు చూసుకోవచ్చు.

ఏసీ వద్దనడం నా ఉద్దేశం కాదు. 44 డిగ్రీల రోజున గుండెజబ్బు మనిషికి ఏసీ విలాసం కాదు. 2020 జనవరి నుంచి అమ్మే గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నియమం వచ్చింది. ఆపైన పెంచిన ప్రతి డిగ్రీకీ ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుంది. 27లో పెట్టి ఫ్యాను తోడు వేసుకున్నవాళ్ళకు సుఖంలో తేడా తెలియదు, బిల్లులో తెలుస్తుంది. ఐదు నక్షత్రాల ఏసీ కొని నల్లని స్లాబు కింద బిగించడం మాత్రం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

సౌరపలకలు వేయించుకునేవాళ్ళకు ఒక మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. పలక కరెంటు ఇవ్వడమే కాదు, కప్పుకు గొడుగు కూడా పడుతుంది. 2011లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో కొలిచినప్పుడు పలకల కింద కప్పులోకి దిగే వేడి 38 శాతం తగ్గింది. స్టాండు కాస్త ఎత్తు పెట్టించి, కింద గాలి ఆడనిచ్చి, మిగిలిన ఖాళీకి తెల్ల పూత వేస్తే కప్పు సంగతి ముగిసినట్టే.

ప్రస్తుతం జిల్లాలో ఊరూరా ఇందిరమ్మ ఇళ్ళ స్లాబులు పడుతున్నాయి. 2024 మార్చి 11న మొదలైన ఈ పథకంలో ఒక్కో ఇంటికి 5 లక్షల రూపాయలు నాలుగు విడతల్లో వస్తాయి. మీ ఇల్లు వాటిలో ఒకటైతే, రంగుల దశకు వచ్చినప్పుడు ముందు గోడకు ఏ రంగు వేయాలని ఇంట్లో తర్జనభర్జన పడతారు. ఆ డబ్బులోంచి కొంత పక్కన పెట్టి మేస్త్రీని నిచ్చెన వేయమనండి, పైకెక్కి స్లాబును శుభ్రంగా కడిగించి రెండు కోట్లు తెల్ల పూత వేయించండి. పిట్టగోడ లోపలి వైపు కూడా వేయించడం మరవకండి. వీలైతే ఏప్రిల్ రాకముందే ఆ పని ముగించండి.